మలేరియా జాడ తెలుపు బంగారు రేణువులు

చలి, వణకు, తీవ్రజ్వరము, పిదప చెమట – ఇవి మలేరియా లక్షణములని ప్రజ లెరుగుదురు. కాని ఇట్టి జ్వరము ఇతర కారణములచేతను రావచ్చును. రక్తపరీక్ష లేనిదే మలేరియా అని నిశ్చయింపరాదు. ఫాల్సిపారమ్ అను జాతి క్రిమి సోకినపుడు చికిత్స ఆలస్యమైనచో మెదడు దెబ్బతిని, కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగవచ్చును.

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినది సూక్ష్మదర్శినితోనే. నేటికిని ప్రమాణమైన పరీక్ష అదియే. అయితే ఆ పరికరమును, దానిని చూడ నేర్చిన నిపుణుడును ప్రతి కొండపల్లెలో నుండుట సాధ్యము కాదు. ఆ లోటును చాలవరకు తీర్చుచున్నది త్వరితపరీక్షపట్టీ.

ఈ పట్టీలో అతిసూక్ష్మమైన బంగారు రేణువు లుండును. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. ఒక్కొక్క రేణువు వ్యాసము కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. బంగార మింత చిన్నదైనపుడు పసుపువన్నె వీడి ఎఱ్ఱగా కనబడును. ఈ వింతను మైకేల్ ఫారడే 1857లోనే వివరించెను. రేణువులకు ప్రతిరక్షకములను అణువులను అంటింతురు. మలేరియా క్రిమి రక్తములో విడుచు మాంసకృత్తును అవి పట్టుకొనును. వ్రేలినుండి తీసిన రక్తపుబొట్టును, ద్రావణమును వేయగానే, వత్తి నూనెను పీల్చినట్లు పట్టీ వానిని పీల్చును. రేణువులును వానితో సాగిపోవును. త్రోవలో ఒకచోట గీతగా అమర్చిన మఱికొన్ని ప్రతిరక్షకములు, మాంసకృత్తును మోసికొనివచ్చు రేణువులను ఆపివేయును. అసంఖ్యాకములైన రేణువులు అచట గుమికూడగా ఎఱ్ఱగీత తేలును.

ఆ గీత ఎంత మసకగా నున్నను మలేరియా ఉన్నట్లే భావింపవలెను. దీనికి తోడు, పట్టీ సరిగా పనిచేసినదని తెలుపు నియంత్రణగీత వేరొకటి కలదు. అది రానిచో, తక్కిన గీతలు ఎట్లున్నను ఆ పరీక్ష చెల్లదు. క్రొత్త పట్టీతో మరల చేయవలెను. పట్టీతో వచ్చిన సూచనాపత్రములో తెలిపిన వ్యవధికే ఫలితమును చూడవలెను. ఎండవేడిమికి పట్టీలు పాడగును గనుక వానిని చల్లనిచోట నుంచుట అవసరము.

గీత రాకున్నను జ్వరము వీడనిచో, క్రిములు మిక్కిలి కొలదిగా నుండవచ్చును. ఆరోగ్యకేంద్రమున రక్తపుపూతను సూక్ష్మదర్శినితో చూపింపవలెను. ఫాల్సిపారమ్ విడుచు ఒక మాంసకృత్తు, వ్యాధి నయమైన పిదప కూడ కొన్ని వారములు రక్తములో నిలిచియుండును. కావున దానిని పట్టు పట్టీపై చికిత్స తరువాత గీత కనబడినంతమాత్రమున మందు పనిచేయలేదని రోగి బెంగపడనక్కరలేదు. ఆ విషయమును తేల్చునది రక్తపుపూతయే.