మా మామయ్య – డెవలప్‌మెంటు

పోయిన నెల మా పక్కింటాయన గేటు దగ్గర కనబడి, "మా యిల్లు డెవలప్‌మెంటుకి యిచ్చేశామండీ!" అన్నాడు సంతోషంగా. మర్నాడు పొద్దున్న చూద్దును గదా, పెద్ద యంత్రం ఒకటి వచ్చి ఆ యింటి గోడలు కూలదోస్తోంది. పెరట్లో వేపచెట్టు మధ్యాహ్నానికల్లా లారీ యెక్కింది. హైదరాబాదులో వుండేవాళ్ళకి యిందులో వింతేమీ లేదు. స్థలం మనది, పెట్టుబడి బిల్డరుది. లేచిన ఫ్లాట్లలో సగమో, కాస్త అటూ యిటూగానో మన వాటా. దానికి డెవలప్‌మెంటు ఒప్పందం అని పేరు. ఆ సాయంత్రమే మా అబ్బాయి, "మనమూ యిచ్చేద్దాం నాన్నా," అన్నాడు. సరేనన్నాను. సరేనన్న తరవాత అటక ఖాళీ చెయ్యక తప్పదు గదా!

అటకమీద ఇత్తడి గుండిగల వెనకాల చిన్న ట్రంకుపెట్టె ఒకటి దొరికింది. మూత తీస్తే మూడు ఎనామెల్ పళ్ళేలు, ఎర్రరంగు పూసిన బల్బు, కంసాలి త్రాసు, కాగితాల్లో చుట్టిన నెగెటివులు. మా మామయ్య సామాను! డెవలప్‌మెంటు అన్న మాట నాకు బుద్ధెరిగాక మొట్టమొదట వినబడింది యీ పళ్ళేల దగ్గరే.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. 1962లో కృష్ణాజిల్లాలో, మా వూళ్ళోనే గ్రామసేవకుడుగా వుండేవాడు. ఇప్పటి పిల్లలకి ఆ వుద్యోగం తెలియదు. దేశాన్ని బ్లాకులుగా విడదీసి, బ్లాకుకొక బి.డి.ఓ.ని, ఆయన కింద పదిమంది గ్రామసేవకుల్ని వేసిన రోజులవి. సైకిలుమీద వూరూరా తిరిగి జపాను పద్ధతిలో వరి నాటమనడం, పొగలేని పొయ్యి వేసుకోమనడం, పేడగుంట యింటికి దూరంగా తవ్వమనడం – అన్నీ మామయ్య పనులే. ఆ కార్యక్రమం పేరు కమ్యూనిటీ డెవలప్‌మెంటు. రాత్రి భోజనాలయ్యాక స్నానాలగదిలో దీపం ఆర్పుకుని ఆయన చేసేదీ డెవలప్‌మెంటే. బ్లాకు ఆఫీసులో ఒక పెట్టె కెమెరా వుండేది. జరిగిన పనులకి ఫోటోలు తీసి పైకి పంపాలి. బెజవాడ స్టూడియోకి పంపితే వారం పడుతుందని మామయ్య తానే నేర్చుకుని యింట్లో కడిగేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పగటి పనీ రాత్రి పనీ ఒకటే అనుకునేవాణ్ణి.

"మామయ్యా, డెవలప్‌మెంటు అంటే ఏమిటి?" అని అడిగానొకసారి.

"విప్పడం రా," అన్నాడు. "ఎన్వలపు అంటే కవరు గదా. మూసిపెడితే ఎన్వలప్. మూసినదాన్ని విప్పితే డెవలప్."

ఏదో తమాషాకి అన్నాడనుకున్నాను. కాలేజీలో చేరాక నిఘంటువు తిరగేస్తే నిజమేనని తేలింది. పాత ఫ్రెంచి భాషలో చుట్టబెట్టడం అనే ఒక్క మాటకి పుట్టిన కవలలట యీ రెండూ. చదరంగంలో గుర్రాల్ని వెనక వరసలోంచి బయటికి తెస్తే దాన్నీ డెవలప్‌మెంటే అంటారు. పాశ్చాత్య సంగీతంలో మొదట వినిపించిన చిన్న వరసని విప్పి విస్తరించే భాగానికీ అదే పేరు.

మనవాళ్ళు యీ ఒక్క మాటనీ రెండు చేశారు. ఫోటో విషయంలో "కడగడం" అన్నారు. ఎంత చక్కని మాట! బొమ్మ అక్కడే వుంది, కడిగితే తేలుతుంది. దేశం విషయంలో మాత్రం సంస్కృతం తెచ్చి "అభివృద్ధి" అన్నారు. వృద్ధి అంటే పెరగడం. దాని బంధువర్గం పెద్దది. వృద్ధుడు ఆ యింటివాడే. మన వడ్డీ కూడా ప్రాకృతం మీదుగా వచ్చిన వృద్ధి బిడ్డే. అప్పుచేసి అభివృద్ధి చెందేవాళ్ళు యీ చుట్టరికం గుర్తుంచుకుంటే మంచిది.

అదలా వుంచి, మామయ్య కడిగే పద్ధతి చెబుతాను. మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. కంసాలి త్రాసులో తూచి, వేడినీళ్ళలో ఒకదాని తరవాత ఒకటి కరిగించి, మొత్తం ఒక లీటరు చేసి చల్లారబెట్టేవాడు. కొడాక్ కంపెనీవారి డి-76 అనే మందు యిది, యిప్పటికీ వాడేవాళ్ళున్నారు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, చిమ్మచీకట్లో రీలు విప్పి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, పళ్ళెంలోని మందులో పైకీ కిందికీ ఆడించాలి. చీకట్లో గడియారం కనబడదు. అంచేత నేను గది బయట దీపం దగ్గర కూచుని, "ఒక నిమిషం! రెండు నిమిషాలు!" అని కేకలు పెట్టేవాణ్ణి. మందు తరవాత నీళ్ళు, నీళ్ళ తరవాత హైపో. హైపోలో కాసేపు నానాకగాని దీపం వెలిగించకూడదు. ఆ తరవాత బాగా కడిగి, ఉతికిన పంచెల పక్కన దండెం మీద ఆరవేసేవాడు.

ఫిలిం మీద వెండి ఉప్పు రేణువులు వుంటాయి. కెమెరా కన్ను రెప్పపాటు తెరుచుకున్నప్పుడు వెలుగు తగిలిన రేణువులో కొద్దిపాటి వెండి పరమాణువులు విడివడతాయి. ఆ జాడ ఏ కంటికీ కనబడదు. మందు దాన్ని పట్టుకుని రేణువు మొత్తాన్ని వెండిగా మారుస్తుంది. కాగితంమీద యిలా కనబడకుండా దాగివున్న బొమ్మని తరవాత పైకి తేవచ్చునని 1840లో ఇంగ్లండులో టాల్బట్ కనిపెట్టాడు. వెలుగు తగలని ఉప్పుని కరిగించి తీసెయ్యడానికి హైపో పనికొస్తుందని అంతకు ముందు సంవత్సరమే హెర్షెల్ చూపించాడు.

ఈ విద్యలో మామయ్యకి రెండు సూత్రాలు. వెలుగు పడని చోట యెంత మందు పోసినా బొమ్మ రాదు – అది మొదటిది. తొందర పనికిరాదు – అది రెండోది. మందుకి 68 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో మా వూళ్ళో బావినీళ్ళే 80 డిగ్రీలు దాటేవి. వేడి మందులో బొమ్మ తొందరగా వచ్చేమాట నిజమే. కాని వెలుగు తగలని రేణువులు కూడా నల్లబడి మసక కమ్ముతుంది. ఇంకా వేడెక్కితే ఫిలిం మీది జిగురు మెత్తబడి బొమ్మ వూడి వచ్చేస్తుంది. అందుకని రంపపుపొట్టులో చుట్టిన ఐసుముక్క బస్సులో తెప్పించి, సీసా చుట్టూ పెట్టి కూచునేవాడు.

ఆ యేడు ఎండాకాలంలో మా వూళ్ళో కొత్త మంచినీళ్ళ బావికి ప్రారంభోత్సవం జరిగింది. కొంత ఖర్చు బ్లాకుది, మిగతాది వూరి శ్రమదానం. ఒక ఆఫీసరుగారు వచ్చి, దండ వేయించుకుని, చేద పట్టుకుని మొదటి బాల్చీ తోడారు. మామయ్య ఫోటో తీశాడు. మర్నాటికల్లా అది ఆఫీసులో వుండాలని ఉత్తరువు.

రాత్రి ఎర్రదీపం కింద ఫోటో కాగితం మందులో పడింది. మొదట నల్లగా వున్నవే పైకి వస్తాయి: గిలక నీడ, ఆఫీసరుగారి జుట్టు, పెద్దల మీసాలు. తరవాత మొహాలు, బిందెలు. అందులో మా యింటి బిందె కూడా వుంది. చిట్టచివర ఎడమ అంచున, చింతచెట్టు అవతల, నలుగురు ఆడవాళ్ళు తేలారు. చంకల్లో ఖాళీ కుండలు.

"వాళ్ళెవరు మామయ్యా? అంత దూరంగా నుంచున్నారేం?" అన్నాను.

మామయ్య మాట్లాడలేదు. కాగితం పైకి తియ్యడం కూడా మరిచిపోయాడు. మా కళ్ళముందే బొమ్మంతా నల్లబడిపోయింది. ఇంకో కాగితం వేశాడు.

వాళ్ళు మాలపల్లె వాళ్ళు. బావి తవ్విన శ్రమదానంలో వాళ్ళ మగవాళ్ళ చెమట అందరికన్నా ఎక్కువే. చేద వేసే హక్కు మాత్రం లేదు. ఎవరైనా దయతలచి తోడి పోస్తే పట్టుకుపోవాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దుచేసింది. బావి దగ్గర అడ్డగిస్తే శిక్షపడేటట్టు 1955లో చట్టమూ వచ్చింది. ఆ సంగతి మామయ్యకి తెలుసు. ఆఫీసరుగారికీ తెలుసు.

మర్నాడు ఆఫీసులో ఫోటో చూసి, "ఎడమవైపు అనవసరం, కత్తిరించు," అన్నారు. మామయ్య కత్తిరించాడు. కింద "గ్రామ ప్రజలందరికీ మంచినీరు" అని రాసి పైకి పంపారు.

నెగెటివు మాత్రం మామయ్య దగ్గరే వుండిపోయింది. కొన్నాళ్ళకి దాన్నుంచి మొత్తం ఫోటో ఇంకొకటి వేసి, మాలపల్లెకి నీళ్ళు కావాలన్న అర్జీకి జతచేశాడు. మూడేళ్ళకి అక్కడ వేరే బావి వచ్చింది. వూరి పెద్దలు హమ్మయ్య అనుకున్నారు. మామయ్య ఒక్కడే సంతోషించలేదు. "ఉన్న బావి అందరికీ విప్పలేక, వాళ్ళకింకో కవరు కొనిచ్చాంరా," అన్నాడు నాతో చాలా యేళ్ళ తరవాత.

ఈ డెవలప్‌మెంటు పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దయ్యాక తెలిశాయి. 1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రారంభోపన్యాసంలో, అభివృద్ధి చెందని ప్రాంతాలకి తమ విజ్ఞానం పంచుతామన్నాడు. ఆనాటినుంచి ఆ మాట ప్రపంచమంతా పాకింది; సగానికి పైగా మానవకోటి తెల్లవారేసరికి వెనకబడినవాళ్ళయి కూచున్నారు. 1952 అక్టోబరు 2న మన దేశంలో 55 కమ్యూనిటీ ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు అందులో అమెరికా సాయమూ, ఫోర్డు ఫౌండేషను విరాళమూ వున్నాయి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘంవారు పరిశీలించి, ప్రజల చొరవ యిందులో పలకడంలేదని తేల్చారు. పెత్తనం ఎన్నికైనవాళ్ళ చేతికివ్వమన్నారు. దాంతో 1959లో రాజస్థాన్‌లోనూ, వెంటనే మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీరాజ్యం వచ్చింది. చేద మాత్రం చేతులు మారలేదు.

తిండి సాయం యింకో కథ. అమెరికావారి 1954 నాటి పి.ఎల్. 480 చట్టం పూర్తిపేరులో కూడా డెవలప్‌మెంటు వుంది. మా బడిలో పాలపొడి కలిపి యిచ్చేవారు. డబ్బామీద రెండు చేతులు కలిపిన బొమ్మ. ఆ చేతులు యెవరివని మేం పందేలు వేసుకునేవాళ్ళం. వరసగా వానలు మోసగించిన 1966లో మనం దాదాపు కోటి టన్నుల తిండిగింజలు బయటినుంచి తెచ్చుకున్నాం. ఆ గోధుమలకి మనం చెల్లించిన రూపాయలు యిక్కడే అమెరికా ఖాతాలో పేరుకుపోగా, 1974లో వారి రాయబారి మోయినిహాన్ 1664 కోట్ల రూపాయల చెక్కు మన ప్రభుత్వానికి తిరిగి యిచ్చేశాడు. 1961లో పుట్టిన అమెరికా సహాయసంస్థ యు.ఎస్.ఎయిడ్‌ని 2025 జూలైలో వారే ఎత్తేశారు. మనమూ 1964 నుంచి యితర దేశాలవారికి శిక్షణ యిస్తూనే వున్నాం.

నేను తాగిన పాలపొడిని తప్పుపట్టను. ఆకలి తీర్చిన చెయ్యి దొడ్డదే. కాని సాయం మామయ్య పళ్ళెంలో మందులాంటిది. ఉన్న జాడని పైకి తేగలదు. వెలుగు యెవరిమీద పడనిచ్చాం, అంచున యెవరిని కత్తిరించాం అన్నది మందు చేతిలో లేదు. 1990లో ఐక్యరాజ్యసమితివారు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ పూనికతో, దేశాన్ని రాబడితోనే గాక ఆయుర్దాయంతో, చదువుతో కూడా కొలవడం మొదలుపెట్టారు. 1999లో మన అమర్త్యసేన్, మనిషికి స్వేచ్ఛ విస్తరించడమే అభివృద్ధి అని ఒక పుస్తకమే రాశాడు. విప్పడం అన్న మామయ్య మాటకి యిది యెంత దగ్గర!

అటకమీది నెగెటివు పట్టుకెళ్ళి, మొన్న స్టూడియోలో పెద్దది చేయించాను. మామయ్య వేసినవి అరచేతిలో సగం వుండే ఫోటోలు, మొహాలు ఆవగింజలంత. ఇప్పుడు తెలిసింది. నలుగురిలో ముగ్గురు బావికేసి చూస్తున్నారు. చివరనున్న మనిషి మాత్రం తిన్నగా కెమెరాలోకి చూస్తోంది. అరవై యేళ్ళుగా ఆ చూపు మా అటకమీదే వుందన్నమాట.

"వీళ్ళెవరు నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. మామయ్యలా వూరుకోలేదు నేను; అంతా చెప్పాను.

నిన్న బిల్డరు కొత్త యింటి రంగుల బొమ్మ తెచ్చి చూపించాడు. అందులో పూలకుండీలున్నాయి, కార్లున్నాయి. మా గేటు పక్కన కానుగచెట్టు కింద యిరవై యేళ్ళుగా యిస్త్రీబండి పెట్టుకుని బతుకుతున్న దంపతులున్నారు. బొమ్మలో చెట్టూ లేదు, బండీ లేదు.

"వీళ్ళేరండీ?" అన్నాను.

"ప్లానులో అవన్నీ వుండవు సార్," అన్నాడు నవ్వుతూ.

"అయితే యింకోసారి కడిగి పట్టుకురండి," అన్నాను.

ఆయనకి అర్థమయిందో లేదో! సంతకం మాత్రం నేనింకా పెట్టలేదు.