అన్నా, గిది ఏ పోలీసుకు చెప్పాలె?

పోలీస్ అనగానే మనకు ముగ్గురే గుర్తొస్తారు. ఠాణాలో కూర్చున్న ఎస్సై, చౌరస్తాలో చలాన్ కొట్టే ట్రాఫిక్ కానిస్టేబుల్, రాత్రిపూట బండి ఆపి మిషన్‌లో ఊదమనే సార్. సిద్దిపేటలో నా ఈడు వాళ్లను ఎవరినైనా అడగండి, దాదాపు ఇదే చెప్తారు. ఇక ఇన్‌స్టాలో ఎవడో సతాయిస్తున్నా, ఖాతాలో పైసలు మాయమైనా, బస్సులో ఫోన్ పోయినా ముందుగా వచ్చే మాట ఒక్కటే: "అన్నా, గిది ఎవరికి చెప్పాలె?" సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానని ఊర్లో తెలిసినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు నెలకు రెండుసార్లయినా వస్తుంది. నేను కోడ్ రాస్తాను, కేసులు కాదు. కానీ అడిగినోళ్లకు చెప్పాలి కదా అని తెలుసుకుంటూ పోతే, మన జిల్లా పోలీసుల్లోనే ఇన్ని వింగ్‌లు ఉన్నాయా అనిపించింది.

2016 అక్టోబర్ 11, దసరా నాడు సిద్దిపేట జిల్లా అయింది. మెదక్ జిల్లాలోని సిద్దిపేట, గజ్వేల్‌తో పాటు కరీంనగర్ కింద ఉన్న హుస్నాబాద్, కోహెడ, వరంగల్ వైపు చేర్యాల ఇవన్నీ ఒక్క గొడుగు కిందికి వచ్చాయి. జిల్లాతో పాటే పోలీస్ కమిషనరేట్ కూడా వచ్చింది. ఎస్పీ ప్లేసులో సీపీ. సభలు, ర్యాలీల మీద ఆంక్షలు పెట్టే మెజిస్ట్రేట్ అధికారాలు కూడా సీపీకి ఉంటాయి. ఇద్దరు మహిళా ఐపీఎస్‌లు ఎన్. శ్వేత, తర్వాత బి. అనురాధ ఇక్కడ కమిషనర్లుగా చేశారు. సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్ మూడు డివిజన్లు, ఒక్కోదానికి ఒక ఏసీపీ, వాళ్ల కింద ఠాణాలు. ఇంతవరకు మనకు కనపడేదే.

కనపడనిది ఈ ఠాణాలకు పక్కగా నడుస్తుంది. టాస్క్‌ఫోర్స్, సీసీఎస్, స్పెషల్ బ్రాంచ్, క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్, షీ టీమ్స్, సైబర్ క్రైమ్ ఇలా. ఓటీటీలో అమెరికా సిరీస్‌లు చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. అక్కడి పెద్ద కౌంటీల్లో షెరిఫ్ కింద స్వాట్ టీమ్, కుక్కల యూనిట్, డిటెక్టివ్‌లు అన్నీ ఉంటాయి. తేడా ఏంటంటే, అక్కడ చాలాచోట్ల షెరిఫ్ జనం ఓట్లతో గెలిచి కూర్చుంటాడు. మన సీపీని రాష్ట్ర ప్రభుత్వం పోస్ట్ చేస్తుంది. ఇంకో తేడా, 1989లో పుట్టిన గ్రేహౌండ్స్ లాంటి కమాండో దళాలు మన దగ్గర రాష్ట్ర స్థాయిలో ఉంటాయి, జిల్లా చేతిలో ఉండవు.

టాస్క్‌ఫోర్స్ గురించి పేపర్లో తరచూ చదువుతుంటాం. పేకాట, గుట్కా, రేషన్ బియ్యం, ఇసుక, గంజాయి. సమాచారం అందగానే దాడి చేస్తారు, పట్టుకున్న మనుషులను, సరుకును తీసుకెళ్లి ఆ ఏరియా ఠాణాలో అప్పజెప్తారు. కేసు రాసేది ఠాణానే. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం అయోమయం పోతుంది. వింగ్ ఏదైనా, ఎఫ్ఐఆర్ కావాలంటే పోలీస్ స్టేషనే. "ఇది మా ఏరియా కాదు" అని ఎవరైనా అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో 173వ సెక్షన్ అదే చెప్తుంది, ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలని.

సీసీఎస్ వాళ్ల పని ఎక్కువగా దొంగతనాల వెంట. ఇంటి తాళం పగిలితే క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీస్తుంది. అందుకే వాళ్లొచ్చే దాకా బీరువా ముట్టుకోవద్దంటారు, కానీ మనోళ్లు వింటారా, చుట్టాలందరూ వచ్చి తలా ఒక చెయ్యి వేసి చూస్తారు! డాగ్ స్క్వాడ్ కుక్కలకు ట్రైనింగ్ మొయినాబాద్‌లో. వాసన పట్టి దొంగ వెంట పోయేది ఒకటి, పేలుడు పదార్థాలు వెతికేది ఇంకొకటి. ఆ రెండో రకం అనుమానం వస్తే మొరగదు, చప్పుడు లేకుండా అక్కడే కూర్చుంటుంది. ఎందుకో ఊహించగలరు.

షీ టీమ్స్ విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. హైదరాబాద్‌లో 2014 అక్టోబర్ 24న మొదలై, తర్వాతి ఏడాదికి రాష్ట్రమంతా వచ్చాయి. వీళ్లు మఫ్టీలో తిరుగుతారు. బస్టాండ్, కాలేజీ గేటు, సాయంత్రం కోమటి చెరువు కట్ట... పక్కన నిలబడ్డ అక్క పోలీస్ అని మీకు తెలియదు, ఏడిపించేవాడికీ తెలియదు. వీడియో సాక్ష్యంతో పట్టుకుంటారు. చిన్నవాళ్లయితే అమ్మానాన్నలను పిలిచి కౌన్సెలింగ్ చేస్తారు, తీవ్రతను బట్టి కేసు పెడతారు. వద్దన్నా వెంటపడటం, మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టడం, ఆన్‌లైన్‌లో అమ్మాయి ఏం చేస్తుందో నిఘా పెట్టడం ఇవన్నీ బీఎన్ఎస్ 78వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు.

అయినా అమ్మాయిలు చెప్పరు. మా చిన్నమ్మ కూతురు నన్ను అడిగింది, "అన్నా, పోలీసులకు చెప్తే బాపుకు తెలుస్తదా?" అని. భయం వాడి గురించి కాదు, ఇంట్లో ఫోన్ గుంజుకుంటారని, కాలేజీ మాన్పిస్తారని. ఈ భయం మీదే ఫోటో మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్ల దందా నడుస్తోంది. ఇందులో నా ఫీల్డుకు సంబంధించిన సంగతి ఒకటుంది. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది, 18 దాటినవాళ్ల కోసం. మీ ఫోటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు. మీ ఫోన్‌లోనే దానికి హ్యాష్ తయారవుతుంది, అంటే ఫోటోకు వేలిముద్ర లాంటిది. ఆ వేలిముద్రే ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి కంపెనీలకు వెళ్తుంది, ఆ ఫోటో వాటిలో ఎవరైనా పెట్టబోతే పట్టుకోవడానికి. 18 లోపు వాళ్లకు టేక్ ఇట్ డౌన్ అని వేరే ఉంది. ఫిర్యాదు ఒక పక్క, ఇది ఒక పక్క, రెండూ చేయొచ్చు.

ఇక సైబర్. ఇక్కడ మాత్రం గడియారం పక్కన పెట్టుకొని మాట్లాడాలి. మా టీమ్‌లో ఒకతని తమ్ముడు, గజ్వేల్ దగ్గరి ఊరు, డిగ్రీ చదువుతున్నాడు. టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ జాబ్. రివ్యూ రాస్తే 150 రూపాయలు నిజంగానే వేశారు. తర్వాత టాస్క్‌కు డిపాజిట్ అన్నారు, ఇంకొంచెం అన్నారు, 46 వేలు పోయాయి. రాత్రి తొమ్మిదికి విషయం అర్థమైంది. దోస్తుల గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టాడు, అందరూ ఏడుపు ఎమోజీలు పెట్టారు. 1930కి ఫోన్ చేసింది మరుసటి రోజు మధ్యాహ్నం. హోల్డ్ అయింది 6 వేల చిల్లర.

ఆ 1930 వెనక ఏం జరుగుతుందో తెలిస్తే గంట విలువ తెలుస్తుంది. మీరు చెప్పిన యూటీఆర్ నంబర్, టైమ్, మొత్తం ఒక టికెట్‌గా సిస్టమ్‌లోకి వెళ్తాయి. మీ బ్యాంకు, పైసలు పోయిన బ్యాంకు రెండూ దాన్ని చూస్తాయి. డబ్బు ఆ ఖాతాలోనే ఉంటే హోల్డ్. ఇంకో ఖాతాకు దాటితే టికెట్ దాని వెంట ఆ బ్యాంకుకు పోతుంది. అవతల వాళ్లు చేసేది కూడా పరుగే. అద్దెకు తీసుకున్న ఖాతాల్లో ముక్కలు ముక్కలుగా పంపి, చివర్లో ఏటీఎంలో తీసేస్తారు. నోట్లయ్యాక ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. హోల్డ్‌లో ఆగిన డబ్బు కోర్టు ఆర్డర్‌తో వాపస్ వస్తుంది, తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పిస్తున్నారు.

మరి జిల్లా సైబర్ వింగ్ ఎందుకు? ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ కేసులు ఇన్‌స్పెక్టర్‌కు తక్కువ ర్యాంకు వాళ్లు దర్యాప్తు చేయకూడదు. ఠాణాల్లో సైబర్ వారియర్లు అని ట్రైనింగ్ ఇచ్చిన కానిస్టేబుళ్లు ఉంటారు, ఫిర్యాదు రాయించడం, వివరాలు సరిచూడటం వాళ్ల పని. పైన రాష్ట్రంలో 2023లో వచ్చిన సైబర్ సెక్యూరిటీ బ్యూరో. ఈ గొలుసు కాగితం మీద చక్కగా ఉంది. నాకు అనుమానమల్లా మనుషుల దగ్గరే. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర, ఆదివారం వచ్చిందంటే జనమే జనం. ఎన్నికలొస్తే ఇంకో రకం రద్దీ. బందోబస్తు అంటే ఏ వింగ్ వాళ్లయినా ఖాకీ తొడుక్కొని రోడ్డెక్కాల్సిందే. ఐటీలో మేమైతే ఆన్-కాల్ మనిషిని వేరే పనికి పంపం, సర్వర్ ఏ టైమ్‌కు పడిపోతుందో తెలియదు కాబట్టి. మోసగాళ్లకు ఆదివారం సెలవుండదు కదా. సైబర్ డెస్క్ మనిషికి జాతర డ్యూటీ వేయొద్దని అడగడం అత్యాశ కాదనుకుంటా.

ఫోన్ పోయిన వాళ్లకు సులువైన దారి సీఈఐఆర్. 2023 మే నుంచి దేశమంతా నడుస్తోంది, తెలంగాణ పోలీసులు దానికి కొన్ని వారాల ముందే మొదలుపెట్టారు. ఇప్పుడే మీ ఫోన్‌లో *#06# కొట్టి, వచ్చిన ఐఎంఈఐ నంబర్ ఇంట్లో ఎక్కడైనా రాసి పెట్టండి. ఫోన్ పోతే ఫిర్యాదు కాపీతో పోర్టల్‌లో బ్లాక్ చేస్తారు. ఎవడైనా అందులో కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. దొరికిన ఫోన్లను పిలిచి ఇస్తారు. తీసుకున్నాక అన్‌బ్లాక్ రిక్వెస్ట్ పెట్టడం మాత్రం మరువొద్దు, లేకపోతే మీ సిమ్ మీరే వేసినా నెట్‌వర్క్ రాదు.