గొట్టం లేని కాలుష్యం

పెద్దవూర అనే పల్లె నుంచి తూర్పుగా వెళ్తే మిర్యాలగూడ రైస్‌మిల్లులు, వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వస్తాయి. ఆ పైన మేళ్లచెర్వు సిమెంటు ఫ్యాక్టరీలు, సూర్యాపేట, కోదాడల మీదుగా లారీలు పరుగెత్తే 65వ నంబరు జాతీయ రహదారి. వీటిలో ఏ గొట్టంలోంచీ ఓజోన్ రాదు. కానీ ఈ గాలిలో ఓజోన్ పెరిగితే అనుమానించాల్సింది వీటినే.

బొగ్గు మండినా, ఇంజిన్ తిరిగినా నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఎండ తగలగానే నైట్రోజన్ డయాక్సైడ్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువు విడిపోయి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. పెట్రోలు ఆవిరి, వరికొయ్యలు కాల్చిన పొగ ఈ చర్యకు మరింత ఊపునిస్తాయి. విచిత్రమేమంటే, రద్దీ రోడ్డు పక్కన అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను మింగేస్తుంది. అందుకే చౌరస్తాలో తక్కువగా, గాలివాలున ఉన్న పల్లెలో ఎక్కువగా నమోదు కావచ్చు. చలికాలం ఈశాన్యపు గాలి వీచినప్పుడు పెద్దవూర అలాంటి పల్లే.

ఓజోన్‌ను కొలిచే నేల మీది పరికరం గాలిని ఒక గొట్టంలోకి పీల్చి, అతినీలలోహిత కాంతిని ఓజోన్ ఎంత పీల్చుకుందో చూసి లెక్క చెబుతుంది. రాత్రి నేల దగ్గర ఓజోన్ తగ్గిపోయినా, కొన్ని వందల మీటర్ల పైన అలాగే నిలిచి ఉంటుంది. పొద్దెక్కి గాలి కలగలిసేసరికి కిందికి దిగుతుంది. ఆ పై పొరను చూడటానికి విమానం పనికొస్తుంది.

ఐరోపా ‘మొజాయిక్’ పథకం ప్రయాణికుల ఎయిర్‌బస్‌లకే ఇలాంటి పరికరాలు బిగించి 1994 నుంచి కొలిచింది. హైదరాబాద్‌లో ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు అవి నమోదు చేసిన ఓజోన్ వివరాలను భారత, ఇతర దేశాల శాస్త్రవేత్తలు పరిశీలించారు. వాటిలో కనిపించినట్టే, వానాకాలం సముద్రపు గాలి, మబ్బులు ఓజోన్‌ను తగ్గిస్తాయి.

మూలాన్ని పట్టించేది తోడు వాయువే. ఓజోన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే ఎక్కడో మంటో, వాహనాలో ఉన్నట్టు. గాలి పొడిగా ఉండి, మోనాక్సైడ్ తక్కువైతే అది పై వాతావరణం నుంచి దిగిన ఓజోన్ కావచ్చు. ఆ గాలి వచ్చిన దారిని వాతావరణ నమూనాలతో వెనక్కి లెక్కగడతారు.

ఎనిమిది గంటల సగటుకు మన దేశ పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. అది దాటితే ఊపిరితిత్తులకే కాదు, ఆకు రంధ్రాల్లోంచి పైరుకూ చేటు. పరికరాలన్నీ పట్నాల్లోనే పెడితే నష్టపోయే పొలం లెక్కలోకే రాదు. మిర్యాలగూడలో ఒకటి, గాలివాలున పెద్దవూరలో ఒకటి పెట్టి, పైన విమానంతో కొలిస్తేనే ఏ పొగను ముందు తగ్గించాలో తేలుతుంది.