మూడు జల్లెడలు
ముహర్రక్ దుకాణమును, ఆన్‌లైన్ వెతుకులాటను గూర్చిన అపోహలు – వాస్తవాలు

బహ్రెయిన్ దేశమున ఒకప్పుడు రాజధానిగా వెలసిన ముహర్రక్ పట్టణమునకు కీర్తి తెచ్చినది ముత్యము. 1932లో చమురు బయల్పడుటకు పూర్వము ఆ పట్టణవాసుల బ్రదుకు ఆల్చిప్పపై ఆధారపడియుండెను. ఆనాటి వర్తకుల గృహములను, కొట్లను, సముద్రతీరమును కలుపుచు సాగు మూడున్నర కిలోమీటర్ల ముత్యాల బాట నేటికిని అచ్చట కలదు. 17 కట్టడములతోడను, మూడు ఆల్చిప్పల తావులతోడను కూడిన ఆ సంపదకు యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ గౌరవము నొసగినది. ఆ వర్తకులు ముత్యమునకు వెల కట్టుటకు ముందు, క్రమముగా చిన్నవగు రంధ్రములుగల లోహపు గిన్నెల వరుసలో ముత్యములను జల్లించి, పరిమాణమును బట్టి వేఱుపఱచి, పిదప ఆకృతిని, వర్ణమును, కాంతిని పరీక్షించెడివారు. జల్లెడకు వర్తకుని వంశముతోగాని, అతని మాటకారితనముతోగాని పనిలేదు. అందు నిలుచునదియు, జాఱునదియు ముత్యమొక్కటియే.

నేడు అదే పట్టణమున ఖైసరియా బజారు పరిసరములందును, అరాద్, హిద్ వైపు పోవు మార్గములందును వెలసిన కాఫెటీరియాలు, కోల్డ్ స్టోరులనబడు కిరాణా కొట్లు, దర్జీ దుకాణములు, సెలూనులు, మొబైల్ మరమ్మతు కొట్లు వేఱొక జల్లెడలో పడుచున్నవి. విమానాశ్రయమునుండి వెలువడిన బాటసారి ఆకలిగొని, ఫోను తీసి, దగ్గఱలో దోసె ఎక్కడ దొరకునని అడిగినప్పుడు ఎవరి కొట్టు ముందుగా చూపవలెనో గూగుల్ క్షణములో నిర్ణయించును. ఆ నిర్ణయమునకు ప్రధానాధారములు మూడని ఆ సంస్థయే ప్రకటించియున్నది: అడిగినదానికిని కొట్టునకును గల పొందిక, అడిగినవానికిని కొట్టునకును నడుమ దూరము, ఆ కొట్టునకు లోకమున గల ప్రసిద్ధి. ఈ మూడు జల్లెడల నెఱుగకపోవుటచేతనే ఉపాధికై గల్ఫు చేరి, చెమటోడ్చి చిన్న కొట్టు నిలబెట్టుకొన్న మనవారు పెక్కు అపోహలకు లోనై, ధనమును, కాలమును వ్యర్థపఱచుకొనుచున్నారు. వానిలో ముఖ్యమైనవానిని ఇచట విచారింతము.

అపోహ 1: డబ్బు కట్టినవారికే మొదటి స్థానము దక్కును.

వాస్తవము: ఈ అపోహకు బీజము కంటికి కనబడు దృశ్యమందే కలదు. ఫలితముల శిరోభాగమున ఒక్కొక్కప్పుడు ప్రకటనలు నిలుచును. వానికి ధనము చెల్లించుట నిజము, వానిపై ప్రకటనయను గుర్తు ఉండుటయు నిజము. కాని ఆ గుర్తు లేకుండ మ్యాపుతోకూడ వచ్చు కొట్ల వరుసలో మెఱుగైన స్థానమును ధనమిచ్చి కొనుట సాధ్యము కాదని గూగుల్ స్పష్టముగా చెప్పుచున్నది. కొట్టు వివరములను నమోదు చేసికొను బిజినెస్ ప్రొఫైల్ (2021 నవంబరు వఱకు దీనినే గూగుల్ మై బిజినెస్ అనిరి) పూర్తిగా ఉచితము. కావున ఎవరైనను ఫోను చేసి, తాము గూగుల్ వారమనియు, ఏడాదికి ఇన్ని దీనారములు చెల్లించినచో మొదటి స్థానము ఖాయమనియు పలికినచో, ఆ ఖాయమను మాటయే వారి అసత్యమునకు సాక్ష్యమని గ్రహింపవలెను. పని తెలిసిన మనుష్యునికి వివరములు సరిదిద్దినందుకు కూలి యిచ్చుట న్యాయమే. తన చేతిలో లేని స్థానమును అమ్మజూపువానికి ఇచ్చుట మాత్రము అవివేకము.

అపోహ 2: కొట్టు పేరులో ఊరి పేరు, వంటకముల పేర్లు గుప్పించినచో వెతుకులాటలో పైకి వచ్చును.

వాస్తవము: బోర్డుపై రెండు మాటల పేరుండగా, మ్యాపులో ఆ పేరు వెంట "ముహర్రక్ బెస్ట్ దోసె బిర్యాని టిఫిన్స్ హోం డెలివరీ" యని తోక తగిలించుట కొందఱికి పరిపాటియైనది. ఇట్టి తోక కొంతకాలము ఫలించినట్లు తోచవచ్చును గాని, వ్యాపారము పేరు లోకవ్యవహారమున ఎట్లున్నదో అట్లే వ్రాయవలెనని గూగుల్ నిబంధన. దాని నతిక్రమించిన ప్రొఫైలును నిలిపివేయుట కలదు. నిలిపివేసిననాడు కొట్టు క్రిందికి జాఱుట కాదు, మ్యాపునుండియే మాయమగును. తిరిగి తెచ్చుకొనుటకు పత్రములతో విన్నవించుకొని వేచియుండవలెను.

పొందికయను జల్లెడలో నిలుచుటకు ఋజుమార్గము వేఱుగా కలదు: అది వర్గము. ఒక ప్రధాన వర్గమును, దానికి తోడుగా తొమ్మిది ఉపవర్గముల వఱకును ఎన్నుకొనవచ్చును. ఇడ్లీ, దోసె, పెసరట్టు వండు కొట్టువాడు తొందరలో "రెస్టారెంటు" అని మాత్రమే ఎన్నుకొని, దక్షిణ భారత భోజనశాల అను వర్గము సిద్ధముగా ఉండగా దానిని గమనింపకపోవుటచేత, తానున్న వీధిలోనే దోసెకై వెతుకువానికి కనబడక పోవచ్చును. అట్లే ప్యాంటు పొట్టిచేయు పనియే ముఖ్యముగా గల దర్జీ, "బట్టల దుకాణము" అని నమోదు చేసికొన్నచో కొనువారు వత్తురు గాని కుట్టించుకొనువారు రారు. పేరులో ఎక్కింపజూచిన మాటలను వర్గమునందును, వివరణయందును, మెనూయందును వాని వాని చోట పెట్టుట ఉత్తమము.

అపోహ 3: మనామా చిరునామా ఇచ్చినచో ఎక్కువమందికి కనబడుదుము.

వాస్తవము: ముహర్రక్‌కును మనామాకును నడుమ సముద్రముపై వంతెనదారులున్నవి, కారులో ప్రయాణము స్వల్పమే. అందుచేత పెద్ద పట్టణపు చిరునామా అరువు తెచ్చుకొనిన మేలగునని కొందఱి తలంపు. కాని రెండవ జల్లెడయైన దూరము, వెతుకువాడు నిలుచున్న తావునుండియో, అతడు పేర్కొన్న ప్రాంతమునుండియో లెక్కింపబడును. చిరునామాను మనామాకు తరలించినవాడు అచ్చట అసంఖ్యాకులైన పోటీదారుల నడుమ అనామకుడగును. ఇచ్చట గలాలీలోను, బుసైతీన్‌లోను తన కొఱకే వెతుకు పొరుగువానికి దూరస్థుడగును. ధ్రువీకరణకై వీధిని, బోర్డును, కొట్టు లోపలి భాగమును చూపు వీడియో అడుగుట నేడు సాధారణమగుటచేత, అరువు చిరునామా ఆ పరీక్షలో నిలుచుటయు దుర్లభము.

గల్ఫు దేశములలో పోస్టాఫీసు పెట్టె సంఖ్యనే చిరునామాగా వ్రాయు పాత అలవాటు ఒకటి కలదు. మ్యాపునకు అది చిరునామా కానేరదు. బహ్రెయిన్‌లో ప్రతి కట్టడమునకును భవనము సంఖ్య, రోడ్డు సంఖ్య, బ్లాకు సంఖ్య ఉన్నవి. ఈ మూడింటిని తప్పులేక వ్రాసి, మ్యాపుపై గుర్తును సరిగా తలుపు ముందు నిలుపవలెను. సన్నని సందులతో అల్లుకొన్న పాత ముహర్రక్‌లో గుర్తు ఒక సందు తప్పినచో అతిథి కారును వేఱొకరి వాకిట నిలిపి, వెదకి విసుగెత్తి మరలిపోవును. ఏసీ మరమ్మతు, ప్లంబింగు వంటి పనులకై తామే ఇండ్లకు పోవువారు కొట్టు లేనందున చింతింపనక్కఱలేదు. చిరునామాను మఱుగుపఱచి, తాము పనిచేయు ప్రాంతములను ఇరువది వఱకు పేర్కొను వీలు వారికి కలదు.

అపోహ 4: అయిదు స్టార్ల రివ్యూలు ఎన్ని పోగైన అంత మేలు, అవి ఎచ్చటినుండి వచ్చినను ఒక్కటే.

వాస్తవము: రివ్యూల సంఖ్యయు, సగటు స్టార్లును ప్రసిద్ధియను మూడవ జల్లెడకు సంబంధించినవే. అంతమాత్రమున, ముహర్రక్‌ను కలలోనైనను చూడని స్వగ్రామ బంధుమిత్రులందఱిచేతను ఒకే రాత్రి అయిదేసి స్టార్లు వేయించుట ప్రసిద్ధి కాదు, కూటసాక్ష్యము. ఉచితముగా టీ యిచ్చి, ధర తగ్గించి రివ్యూ వ్రాయించుకొనుటయు, సొంత పనివారిచేత వ్రాయించుటయు, తృప్తిచెందినవారిని మాత్రమే ఏఱి అడుగుటయు నిబంధనలకు విరుద్ధములు. పట్టుబడినచో ఆ రివ్యూలు తొలగింపబడుటయే గాక, కొంతకాలము క్రొత్త రివ్యూలు రాకుండ నిలుపుటయు కలదు.

ధర్మబద్ధమైన మార్గము సులభమైనది: వచ్చిన ప్రతివానిని, ఏమియు ఆశ చూపక, అనుభవమును ఉన్నదున్నట్లు వ్రాయుమని కోరుట. గల్లాపెట్టె వద్ద ఒక క్యూఆర్ కోడు అంటించిన చాలును. ఇక చెడు రివ్యూ వచ్చిననాడు భూమి క్రుంగినట్లు భావించువారు కలరు. సాంబారు చల్లారియున్నదని ఒకడు వ్రాసినప్పుడు, వానితో జగడమాడక, తప్పును ఒప్పుకొని, దానిని దిద్దుకొన్న విధమును రెండు వాక్యములలో తెలిపిన యజమానిని చూచి, చదువరి సాంబారును మఱచి యజమానిని నమ్మును. అన్నియు అయిదు స్టార్లే ఉన్న కొట్టును చూచి సందేహించు గుణము మనకందఱకును కలదుగదా!

అపోహ 5: ఒకసారి నమోదు చేసిన చాలును.

వాస్తవము: రాతిపై చెక్కిన శాసనము వలె ప్రొఫైలు నిలుచునని తలంచుట ప్రమాదకరము. మ్యాపుపై ఏ వివరమునకైనను సవరణ సూచించు హక్కు బాటసారికిని కలదు. యజమాని గమనింపనిచో తప్పుడు సమయములు, తప్పుడు ఫోను సంఖ్య, తుదకు కొట్టు మూతపడెనన్న గుర్తుకూడ ఎక్కవచ్చును.

అంతకంటె ముఖ్యమైనది పనివేళల ప్రశ్న. బహ్రెయిన్‌లో 2006నుండి వారాంతము శుక్ర, శనివారములు. శుక్రవారపు మధ్యాహ్న ప్రార్థనవేళ పెక్కు కొట్లు మూసియుండును. రంజాను మాసమున పగలు భోజనశాలలు మూసి, సూర్యాస్తమయానంతరము తెఱచి, అర్ధరాత్రి దాటువఱకు నడచుట రివాజు. ఆ మాసము చాంద్రమానము ననుసరించి ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగుచుండుటచేత నిరుటి లెక్క ఈ యేటికి పనికిరాదు. ఇట్టి దినములకై ప్రత్యేక సమయములు వ్రాయు ఏర్పాటు ప్రొఫైలులోనే కలదు. దాని నుపేక్షించినచో, ఎండలో చెమటలు కక్కుచు వచ్చిన మనుష్యుడు మూసిన తలుపును చూచి వెనుదిరుగును. అతడు పోవుచు పోవుచు వ్రాయు రివ్యూ ఏ రంజానుతోను ముగియదు.

అపోహ 6: వెబ్‌సైటులో కీవర్డులు దాచిపెట్టినచో గూగుల్ వశమగును.

వాస్తవము: పుట వెనుక కంటికి కనబడని కీవర్డుల పట్టీ వ్రాయుట పాతకాలపు మంత్రము. తన వెతుకులాటలో ఆ పట్టీని పరిగణింపనని గూగుల్ 2009లోనే ప్రకటించినది. తెల్లని నేలపై తెల్లని అక్షరములతో మాటలు దాచుట నిష్ప్రయోజనమే గాక గూగుల్ నిబంధనల ఉల్లంఘనగా ఎంచబడును. వెబ్‌సైటు లేని కొట్టుకూడ మ్యాపులో కనబడును, ఉన్నచో మంచిది. ప్రొఫైలుతోపాటు ఉచితముగా ఇచ్చెడి చిన్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపివేసినందున, వానినే నమ్ముకొన్నవారు తమ సొంత పుటను ఏర్పఱచుకొనుట అవసరము. ఆ పుటలో ఏమి వండుదురో, ఏమి కుట్టుదురో, ధర యెంతయో, ఏ గుర్తు ప్రక్కన కొట్టున్నదో అరబ్బీలోను, ఇంగ్లీషులోను సూటిగా వ్రాసిన చాలును. కొనువారు ఏ భాషలో అడుగుదురో ఆ భాషలో జవాబు సిద్ధముగా ఉండుటయే కీవర్డు రహస్యమంతయు.

అపోహ 7: నా ఫోనులో నా కొట్టే మొదట కనబడుచున్నది; ఇక చింత లేదు.

వాస్తవము: ఇది అపోహలన్నింటిలో తీయనైనది, కావుననే వదలించుకొనుట కష్టమైనది. తన గల్లాపెట్టె ముందు కూర్చుండి వెతుకు యజమానికి దూరము శూన్యము. పైగా పూర్వపు వెతుకులాటల ప్రభావముకూడ కొంత ఉండవచ్చును. అరాద్ కోట వద్ద నిలుచున్నవానికిని, హిద్‌లో ఇంట కూర్చున్నవానికిని, విమానాశ్రయపు ద్వారము వద్ద దిగినవానికిని కనబడు వరుసలు వేఱువేఱు. నిజము తెలియగోరువాడు ఆయా చోట్ల ఉన్న మిత్రులను, కొట్టు పేరు చెప్పక, కావలసిన వస్తువు పేరుతో వెతికి చూడుమని కోరవలెను. అంతకంటె నమ్మదగినది ప్రొఫైలులోనే నెలనెలకు కనబడు లెక్క: ఎందఱు ఫోను చేసిరి, ఎందఱు దారి అడిగిరి అనునవి. వరుసలో స్థానము అహంకారమునకు ఆహారము. దారి అడిగినవారి సంఖ్య కుటుంబమునకు ఆహారము.

ఈ యేడింటిని కలిపి చూచినచో ఒక్క విషయము తేటపడుచున్నది. దూరమను జల్లెడను మనము మార్చలేము. కొట్టున్న చోటనే ఉండును. పొందిక, ప్రసిద్ధి యను రెండును మాత్రము మన చేతిలోనివి. అందు మొదటిది ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటచేతను, రెండవది చెప్పినట్లు నడచుకొనుటచేతను కలుగును. వీనికి కావలసినది దీనారముల సంచి కాదు, వారమునకొక అరగంట శ్రద్ధ. దానిని రాబోవు శుక్రవారమే ఆరంభింపవచ్చును: మధ్యాహ్నము ప్రార్థనవేళ షట్టరు దించిన పిదప, ఆ మూసిన షట్టరు ముందే నిలుచుండి ఫోను తెఱచి, మీ కొట్టు తెఱచియున్నదని మ్యాపు లోకమునకు చెప్పుచున్నదేమో చూచుకొనుడు.