శివరాత్రి జాగారంలో ఆకాశం

శివరాత్రికి జాగారం చేసేవాళ్లు మన నాచారంలో చాలామందే ఉంటారు. గుడిలో భజనో, ఇంట్లో టీవీనో నిద్రను ఆపుతుంది. విద్యార్థులారా, ఈసారి మధ్యమధ్య మిద్దెమీదికి కూడా వెళ్లిరండి. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి కదా! అమావాస్య దగ్గర పడింది కనుక చంద్రుడు సూర్యుని పక్కనే ఉంటాడు. తెల్లవారే ముందు సన్నని రేఖలా వస్తే వస్తాడు, రాత్రంతా చుక్కలదే రాజ్యం.

ఎనిమిది గంటలకు దక్షిణం వైపు తిరిగి తల బాగా ఎత్తండి. వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. పల్లెల్లో వీటిని గొల్లకావడి అంటారు. వాటికి పైన ఎడమ పక్కన ఎర్రగా ఉన్నది ఆర్ద్ర. మూడు చుక్కల వరుసను ఎడమవైపు కిందికి పొడిగిస్తే లుబ్ధకుడు తగులుతాడు. రాత్రి నక్షత్రాలన్నిటిలో అతి ప్రకాశవంతమైనది ఇదే. అక్కడినుంచి నేరుగా కిందికి దిగండి. ఒంటరిగా మెరుస్తున్న తెల్లని చుక్క అగస్త్యుడు, కాంతిలో రెండవవాడు. నిజానికి లుబ్ధకుడి గొప్పతనమంతా దగ్గరగా ఉండటమే: 8.6 కాంతి సంవత్సరాలు. అగస్త్యుడు సుమారు 310 కాంతి సంవత్సరాల దూరాన ఉండి కూడా అంత వెలుగునిస్తున్నాడు!

ఇప్పుడు చేయి బారచాపి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అగస్త్యుడు నేలకు రెండు పిడికిళ్ల ఎత్తున ఉంటాడు. లెక్క కట్టి చూద్దాం. ఖగోళ మధ్యరేఖకు అతడు 52.7 డిగ్రీలు దక్షిణాన ఉన్నాడు. మన అక్షాంశం 17.4. ఈ రెంటినీ 90 నుంచి తీసివేస్తే మిగిలేది 19.9. ఢిల్లీ అక్షాంశం 28.6తో ఇదే లెక్క చేయండి, ఒక పిడికిలి కూడా రాదు. లండన్‌కు (51.5) చేస్తే జవాబు సున్నకు దిగువన వస్తుంది, అంటే అక్కడివారికి అగస్త్యుడు ఎన్నడూ ఉదయించడు. భూమి బల్లపరుపుగా ఉంటే ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది?

మరో పరీక్ష ఉంది. ఆర్ద్రకు కొంచెం పడమరగా మూడు మసక చుక్కల చిన్న గుంపు ఉంటుంది. అదే మృగశిర. పారిశ్రామికవాడ దీపాలు, ఉప్పల్ వైపు వెలుగు కలిసి మా మిద్దె మీద దాన్ని మింగేశాయి. కీసరగుట్ట జాతరకు వెళ్లేవాళ్లు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, దీపాలకు కాస్త ఎడంగా నిలబడి చూడండి. ఈ బాధ శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారింది. నగరం పెరిగి దీపాలు పెరిగాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 48 అంగుళాల దూరదర్శినిని 1968లో ఊరికి దూరంగా జపాల్–రంగాపూర్ దగ్గర పెట్టవలసి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న, శివరాత్రి వెళ్లిన అమావాస్యనాడు, సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారు.

అర్ధరాత్రి మళ్లీ రండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా, ఆర్ద్ర పడమటికి జారిపోయింది, అగస్త్యుడు నేలను తాకబోతున్నాడు. నడినెత్తిన ఉన్నది మఖ. రెండు వారాల క్రితం పున్నమి చంద్రుడు ఈ దాపునే నిండుగా ఉన్నాడు. మాఘమాసానికి ఆ పేరు అందుకే వచ్చింది. పంచాంగంలో పేరుగా విన్న నక్షత్రం మీ తలమీదే ఉంది, చూసుకోండి.

ఈ వేళలు ఫిబ్రవరి చివర వచ్చే శివరాత్రికి సరిపోతాయి. ముందు వస్తే రోజుకు 4 నిమిషాల చొప్పున ఆలస్యంగా, తరువాత వస్తే అంత తొందరగా చూడాలి.

నిద్ర ఆగితే నాలుగున్నరకు ఇంకొకసారి రండి. నడినెత్తిన నారింజరంగు స్వాతి, నైరుతివైపు తెల్లని చిత్త, ఆగ్నేయాన వృశ్చికంలో ఎర్రని జ్యేష్ఠ. ఆర్ద్ర అప్పటికే అస్తమించి ఉంటుంది. ఆ ఎరుపును గుర్తు తెచ్చుకుని, రెంటిలో ఏది ఎక్కువ ఎరుపో నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.