వార్తల్లో పదం: జాతీయ ఉద్యానం

వన్యప్రాణులకు, వాటి ఆవాసానికి గట్టి రక్షణ కల్పించేందుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించే ప్రాంతమే జాతీయ ఉద్యానం. అభయారణ్యంలో షరతులతో పశువులను మేపుకోనివ్వవచ్చు. జాతీయ ఉద్యానంలో అదీ కుదరదు.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్బీనగర్‌ దాటాక వనస్థలిపురం దగ్గరున్న మహావీర్‌ హరిణ వనస్థలి అలాంటిదే. ఒకప్పుడది నిజాం వేటస్థలం. జైన తీర్థంకరుడు మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానమైంది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకలు, చుక్కల దుప్పులు ఇక్కడి ప్రధాన ఆకర్షణ.

మన దేశంలో సొంత పొలంలోనైనా కృష్ణజింకను వేటాడితే నేరమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా.

కృష్ణజింకకు దట్టమైన అడవి కాదు, విశాలమైన గడ్డిమైదానం కావాలి. కాబట్టి పొదలు కమ్మేయకుండా చూడటం, వేసవిలో నీటి గుంటలు నింపడం ముఖ్యం. సందర్శకులు తినుబండారాలు వేయకూడదు, ప్లాస్టిక్‌ పారేయకూడదు. నగరం చుట్టుముట్టిన ఈ పచ్చికను కాపాడుకోవడం మనందరి బాధ్యత.