పరాసుల పసిడి గోడదీపములు

1753లో దక్కను సుబేదారు సలాబత్ జంగు ఏలూరు, రాజమహేంద్రవరము మొదలగు సర్కారులను పరాసు సేనాని బుస్సీ కొసగగా, కొల్లేటి తీరపు శిస్తు కొన్నియేండ్లు పరాసుల బొక్కసమునకు నడచినది. కాని వారు 1759లో మచిలీపట్టణపు కోటను కోల్పోవు నాటికి, హెర్క్యులేనియం, పాంపేయి త్రవ్వకములచే ప్రేరితమై, గ్రీకు రోమను శిల్పము నాదర్శముగా గొన్న వారి నవ్యశైలి యింకను బాల్యమందే యుండెను.

మన తాతలు గోడలో గూడు దీసి ప్రమిద నుంచినట్లు, పరాసులు గోడకు కంచుకొమ్మను బిగించి, దాని చేతుల చివర మైనపువత్తులు నిలిపిరి. గాడులు తీర్చిన స్తంభము, దానిపై కలశము, క్రింద పొట్టేలితల, ఇరువైపుల వ్రేలాడు ఆకుదండ: నవ్యశైలిలో ఇదియే దాని రూపము.

బంగారమును పాదరసముతో కలిపి వెన్నవంటి ముద్దచేసి, ఆ కంచుపై పులిమి కాచినచో, పాదరస మావిరియై పసిడి నిలుచును. దీనినే మనవారు మొలామందురు. మెరియవలసిన చోట నునుపురాతితో రుద్ది, తక్కినచోట మందకాంతితో విడుతురు. ఆ యావిరి విషమగుటచే పనివాండ్రనేకులు చేతులు వణకి, ఆయువు తరిగి నశించిరి. ఈ విద్యలో నగ్రగణ్యుడైన పియేర్ గుతియేర్ (1732–1813), పరాసురాజు ప్రియురాలైన దుబారీ ప్రభ్వి బాకీ తీర్పనందున, తుదకు దారిద్ర్యముననే మరణించెను.

ఏలూరు, తాడేపల్లిగూడెములనుండి హైదరాబాదు రైలెక్కినవారు, 1951లో తెరచిన సాలార్ జంగు మ్యూజియమున పరాసు కళావస్తువులను కన్నులార చూడవచ్చును. అయితే ఈ పసిడి విద్యుద్దీపమునకై పుట్టినది కాదు. కదలెడు వత్తివెలుగు నునుపుపై తళుక్కుమని, గరుకుపై నిదురించునపుడు, పొద్దువాలువేళ కొల్లేటి నీరు జ్ఞప్తికి రాక మానదు.